ఆ పిల్లకి మాటలెవరూ రాసివ్వలేదా?

మా అన్నయ్య ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, 1983 వేసవి సెలవులకి ఇంటికొస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. హాస్టల్లో ఎవరి దగ్గరో ఉన్న రికార్డుల నుంచి ఎక్కించుకొచ్చిన కౌబాయ్ సినిమాల సంగీతం అది. మా ఊళ్లో వాటిని గుర్రాల సినిమాలు అనేవాళ్లం. కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) చూసి పెరిగినవాళ్లం కాబట్టి టోపీ, తుపాకీ, ఎడారి మాకేం కొత్త కాదు. ఆ తెలుగు సినిమా ఈలలూ గుర్రపు డెక్కల చప్పుడూ ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం ఆ క్యాసెట్ విన్నాకే తెలిసింది. సెలవులన్నాళ్లూ అన్నయ్య ఈల వేస్తూ తిరిగాడు. ఆడపిల్లని కాబట్టి నేను ఈల వెయ్యకూడదు. మనసులోనే వేసుకున్నాను.

క్యాసెట్ రెండోవైపు ఒక ఆడగొంతు ఉండేది. ఈలలు, డప్పులు, గిటార్ల మధ్యనుంచి ఒక్కసారిగా పైకి లేచేది. మాటలుండవు. ఆ... అంటూ రాగం మాత్రమే. ఒకరోజు అది మోగుతుంటే వసారాలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆపింది. “ఎవర్రా ఆ పిల్ల? ఇంత బాగా పాడుతోంది, పాపం మాటలెవరూ రాసివ్వలేదా?” అంది. మేమిద్దరం పడీపడీ నవ్వాం. అది థీమ్ మ్యూజిక్ అమ్మా, మాటలుండవు అని అన్నయ్య వివరించబోయాడు. “వాయించడానికి అన్ని వాయిద్యాలున్నాయిగా. మనిషిని పిలిచి నిలబెట్టి మాటలివ్వకపోవడమేమిటి?” అని అమ్మ మళ్లీ బియ్యంలో పడింది.

ఆ మాట ఇన్నేళ్ల తర్వాత మళ్లీ గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్‌లో నటి క్లాడియా కార్డినాలే చనిపోయిందన్న వార్త చదివి, ఆమె నటించిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968) మరోసారి చూశాను. క్యాసెట్‌లో మేం విన్న ఆడగొంతు ఆ సినిమాలోదే. చూశాక నిద్ర పట్టలేదు. అమ్మ వేసిన ప్రశ్న మామూలు ప్రశ్న కాదనిపించింది. మనందరికీ ఈలలతో సహా గుర్తుండిపోయిన ఈ సినిమాల సంగీతంలో ఆడవాళ్ల గొంతు ఎక్కడుంది, ఆ గొంతుకి మాటలున్నాయా, ఉంటే అవి ఎవరి గురించి అని వెతుక్కుంటూ పాత సినిమాలు కొన్ని మళ్లీ చూశాను, విన్నాను.

ముందు ‘హై నూన్’ (1952). ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకుడు. పెళ్లయిన రోజే మార్షల్ ఉద్యోగం వదిలి ఊరు దాటబోతున్న విల్ కేన్‌కి, తను జైలుకి పంపిన హంతకుడు మధ్యాహ్నం రైలుకి వస్తున్నాడని తెలుస్తుంది. వెనక్కి తిరుగుతాడు. కొత్త పెళ్లికూతురు ఏమీ, నువ్వు ఆగితే నేను అదే రైల్లో వెళ్లిపోతానంటుంది. ఈ సినిమా పాటతోనే మొదలవుతుంది. దిమిత్రి తియోమ్‌కిన్ బాణీ, నెడ్ వాషింగ్టన్ మాటలు, టెక్స్ రిట్టర్ గొంతు. పెళ్లినాడే నన్ను వదిలి వెళ్లొద్దని భర్త భార్యని బతిమాలుకోవడం ఆ పాట సారాంశం. కేన్ ఒంటరిగా వీధుల్లో నడిచినప్పుడల్లా ఆ బాణీ వెంట నడుస్తుంది. పాటకీ నేపథ్య సంగీతానికీ 1953లో ఆస్కార్లు వచ్చాయి. ఆ తర్వాత కౌబాయ్ సినిమా అంటే మొదట్లో ఒక పాట ఉండాలన్నంతగా అది పాతుకుపోయింది.

మంచి పాటే. మగవాడు బతిమాలుతూ పాడటం, భయపడుతున్నానని ఒప్పుకోవడం తక్కువ విషయమేమీ కాదు. కానీ సినిమా అంతా ఆ పాట ఒక ఆడమనిషితో మాట్లాడుతూనే ఉంటుంది, ఆమె జవాబు మాత్రం పాటలోకి రాదు. ఏమీ ఎందుకు వెళ్లిపోతానంటోంది? తుపాకీల పోరులో తండ్రినీ అన్ననీ పోగొట్టుకుంది. అందుకే హింసని ఒప్పుకోని క్వేకర్ మతంలో చేరింది. ఇంతకన్నా బలమైన కారణం ఆ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. అయినా పాట వింటున్నంతసేపూ ఆమె మనకి భర్తని వదిలేస్తున్న భార్యగానే కనిపిస్తుంది. చివరికి ఏమీ రైలు దిగి పరుగెత్తుకొచ్చి, తను నమ్మినదాన్ని కాదనుకుని, ఒక మనిషిని తుపాకీతో కాల్చి భర్తని కాపాడుతుంది. పాట కోరింది జరిగింది. మరి ఆమె పోగొట్టుకున్నదాని గురించి ఎవరు పాడారు?

అదే సినిమాలో హెలెన్ రమిరెజ్ అనే మెక్సికన్ స్త్రీ ఉంది. కేటీ హురాడో వేసింది. వ్యాపారం సొంతంగా నడుపుకున్న మనిషి. ఆ ఊరు ఎలాంటిదో అందరికన్నా ముందు గ్రహించి, వ్యాపారం అమ్మేసి వెళ్లిపోతుంది. ఆమెకీ కేన్‌కీ ఒకప్పుడు సంబంధం ఉండేది. సినిమాలో అన్నిటికన్నా తెలివైన మాటలు హెలెన్‌వే. ఆమె, ఏమీ హోటల్ గదిలో కూర్చుని మాట్లాడుకునే దృశ్యం నాకు ఆఖరి కాల్పులకన్నా ఎక్కువగా గుర్తుంటుంది. అందరికీ గుర్తుండిపోయిన పాటలో మాత్రం హెలెన్ లేనే లేదు.

రెండేళ్ల తర్వాత నికొలస్ రే తీసిన ‘జానీ గిటార్’ (1954) వచ్చింది. ఇందులో ఇద్దరు బలమైన ఆడవాళ్లున్నారు. రైలుమార్గం వస్తుందని ముందే తెలుసుకుని ఊరవతల సెలూన్ కట్టుకుని, రాబోయే పట్నం నమూనా బొమ్మని పెట్టుకుని కూర్చున్న వియెన్నా (జోన్ క్రాఫర్డ్). ఆమెని వెళ్లగొట్టడానికి ఊరి మగవాళ్లందర్నీ వెంటేసుకొచ్చే ఎమ్మా (మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్). ఆఖరి కాల్పులు కూడా ఈ ఇద్దరి మధ్యే. మగవాడి చేతిలో గిటారుంటుంది. విక్టర్ యంగ్ బాణీకి మాటలు రాసింది, పాడింది కూడా గాయని పెగ్గీ లీ. అంటే ఇక్కడ గొంతూ మాటలూ రెండూ ఆడవాళ్లవే. అమ్మ ప్రశ్నకి జవాబు దొరికిందని సంతోషించాను.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సినిమా పేరు జానీ గిటార్. పాట పేరూ అదే. వియెన్నా కట్టుకున్న సెలూన్, తగలబడిన సెలూన్, ఆమె పట్టుదల, ఆమె తుపాకీ, ఇవేవీ పాటలో లేవు. జానీ మీద ప్రేమ తప్ప. పెగ్గీ లీని తప్పు పట్టడం లేదు. 1954లో ఒక స్త్రీకి సినిమా పాట రాసే అవకాశం రావడమే గొప్ప. అయితే మాటలు మన చేతికొచ్చినంత మాత్రాన విషయం కూడా మన చేతికి రాదన్నమాట. మనదగ్గర రాసిన ఆడవాళ్ల పాటలకీ ఇది వర్తిస్తుందేమో ఆలోచించాలి.

ఇక క్యాసెట్‌లోని గొంతు. ఆమె పేరు ఎడ్డా డెల్లోర్సో. ఇటలీ దేశస్థురాలు. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకుంది. అలెస్సాండ్రో అలెస్సాండ్రోని నడిపిన బృందంలో పాడేది. అన్నయ్య వేసిన ఈలలకి మూలమైన ఈలలు ఈ అలెస్సాండ్రోనివే. సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనె, దర్శకుడు సెర్జియో లియోనీ. ‘ది గుడ్ ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966)లో ముగ్గురు మగవాళ్లు బంగారం కోసం ఒకళ్లనొకళ్లు వేటాడుకుంటారు. చెప్పుకోదగ్గ ఆడపాత్ర ఒక్కటీ లేదు. కానీ చివర్లో టూకో బంగారం దాచిన సమాధిని వెతుక్కుంటూ శ్మశానంలో పరుగెడుతుంటే వినిపించేది ఎడ్డా గొంతే. మెటాలికా అనే రాక్ బృందం 1983 నుంచీ తమ కచేరీలు ఆ సంగీతంతోనే మొదలుపెడుతోంది. ఆడవాళ్లు లేని సినిమాలో ఆడగొంతు బంగారానికి వాడారు. అందని దానికి, ఆశ పెట్టేదానికి. బంగారం ఎలాగూ మాట్లాడదు కాబట్టి మాటలక్కర్లేదు.

రెండేళ్ల తర్వాత వచ్చిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’లో మాత్రం ఆ గొంతుకి ఒక మనిషి దొరికింది. జిల్. న్యూ ఓర్లియన్స్‌లో వేశ్యావృత్తిలో ఉండి, మెక్‌బేన్ అనే అతన్ని పెళ్లి చేసుకుని, కొత్త జీవితం మొదలుపెడదామని రైలు దిగుతుంది. స్టేషన్‌కి ఎవరూ రారు. ఆమెకింకా తెలీదు, భర్తనీ పిల్లల్నీ ఫ్రాంక్ అనేవాడు అప్పటికే చంపేశాడని. ఆమె గడియారం చూసుకుంటుంది, స్టేషన్ గదిలోకి వెళ్లి అడుగుతుంది, బయటికి నడుస్తుంది. కెమెరా మెల్లగా కప్పు మీదుగా పైకి లేచి అవతల కట్టుబడిలో ఉన్న పట్నాన్నంతా చూపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఎడ్డా గొంతు కూడా పైకి లేస్తుంది. నేను ఎన్నిసార్లు చూసినా నా ఒళ్లు జలదరిస్తుంది. ఆడమనిషి ఒంటరిగా ఒక ఊళ్లో అడుగుపెట్టడాన్ని ఇంత గౌరవంగా చూపించిన దృశ్యం నేను సినిమాల్లో ఎక్కువ చూడలేదు.

ఈ సినిమాలో ముఖ్య పాత్రలకి తలో బాణీ ఉంది. షయాన్‌కి బాంజో, ఈల. ఫ్రాంక్‌కి కరకుగా మోగే ఎలక్ట్రిక్ గిటార్. ఛార్లెస్ బ్రాన్సన్ వేసిన పాత్రకి అసలు పేరే లేదు, అతను వాయించే మౌతార్గానే అతని పేరు. అది అతని మెడలోనే వేలాడుతుంటుంది. చిన్నప్పుడు తన భుజాల మీద అన్నని నిలబెట్టి ఉరితాడు బిగించి, ఇతని నోట్లో మౌతార్గాన్ కుక్కింది ఫ్రాంకే అని చివరికి తెలుస్తుంది. అంటే అతని సంగీతానికి ఒక కథ, ఒక బాల్యం, ఒక కారణం ఉన్నాయి. దాన్ని అతను తన నోటితో వాయిస్తాడు. ఎదుటివాళ్లు విని భయపడతారు. జిల్ సంగీతం మాత్రం జిల్‌కి వినిపించదు. ఆమె పాడదు. ఆమె చుట్టూ ఉన్నవాళ్లెవరూ వినరు. అది మనకోసం, ఆమెని చూస్తున్నవాళ్లకోసం పెట్టింది.

ఇంకో విషయం కూడా తెలిసింది. కార్డినాలే ట్యునీసియాలో పెరిగింది. ఆమె ఇటాలియన్ యాస, బొంగురు గొంతు బాగాలేవని తొలి సినిమాల్లో ఇంకొకళ్లతో మాటలు చెప్పించారు. ఆమె సొంత గొంతు ఇటాలియన్ తెర మీద వినపడింది ఫెలీనీ ‘ఎనిమిదిన్నర’ (1963)లోనే. ఈ సినిమా ఇంగ్లీషు ప్రతిలో కూడా జిల్ మాటలు చెప్పింది వేరే ఆమె. అంటే ఒక జిల్‌కి ముగ్గురు ఆడవాళ్లు. దేహం ఒకరిది, మాట ఒకరిది, పాట ఒకరిది. కథ రాసింది లియోనీ, బెర్తొలూచి, అర్జెంతో. ముగ్గురూ మగవాళ్లే. మనకిది కొత్త కాదు, మన హీరోయిన్లకీ పాట ఒకరిది, చాలాసార్లు మాట ఒకరిది. కానీ మన దగ్గర రేడియోలో పాట వేసేముందు సుశీల అనో జానకి అనో పేరు చెప్పేవారు. మాటలు లేని ఎడ్డా పేరు తెలుసుకోవడానికి నాకు దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతికి వస్తాను. సినిమా చివర్లో షయాన్ జిల్‌కి ఒక సలహా ఇస్తాడు. షయాన్ బందిపోటే గానీ మంచివాడు. జిల్‌ని గౌరవిస్తాడు. ఆమె కాచిన కాఫీ తాగుతూ, నువ్వు మా అమ్మని గుర్తు చేస్తున్నావంటాడు. బయట ఎండలో రైలుపట్టాలు వేస్తున్న కూలీలకి మంచినీళ్లు తీసుకెళ్లమంటాడు. నీలాంటి ఆడమనిషిని చూస్తేనే మగవాళ్లకి ఎంత సంతోషమో అంటాడు. ఎవడైనా నీ వెనక తడితే ఏం జరగనట్టే ఉండు, వాళ్ల కష్టానికి ఆమాత్రం దక్కాలిలే అన్నట్టు చెబుతాడు. కాసేపటికి జిల్ నీళ్లు తీసుకుని బయటికి వెళ్తుంది. ఎడ్డా గొంతు లేస్తుంది. అంతకన్నా అందమైన ముగింపు లేదని ఎన్నో వ్యాసాలు చదివాను. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటిసారి ఈ సినిమా వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చుకుని చూసినప్పుడు నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. 1990 అనుకుంటా. ఆఫీసులో ఒక పెద్ద అధికారి ఫైలు చూపించేటప్పుడల్లా కుర్చీ వెనక్కొచ్చి నిలబడేవాడు. భుజం మీద చెయ్యి, ఆ తర్వాత వీపు మీద. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలిసేది కాదు. చివరికి మా సెక్షన్‌లో ఉన్న ఒక పెద్దాయనకి చెప్పాను. నన్ను సొంత చెల్లెల్లా చూసేవాడు. నాకు బస్సు తప్పిపోతే తోడుండి ఎక్కించేవాడు. అంతా విని, “చూసీ చూడనట్టు పోవాలమ్మా. పదిమందిలో పనిచేసేటప్పుడు ఇవన్నీ మనసుకి పట్టించుకోకూడదు” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, నాకు కళ్లనీళ్లొచ్చాయి. కృతజ్ఞతతో.

ఆ సినిమా చూసినప్పుడు షయాన్ మాట నాకు వినిపించనే లేదు. నిజం చెబుతున్నాను. ఆ పెద్దాయన మాట ఎలా తలకెక్కించుకున్నానో ఇదీ అలాగే ఎక్కించుకున్నాను. సంగీతం మిగతా పని చేసింది. ఒక సలహా చెడ్డవాడి నోటినుంచి వస్తే మనం ఎదురు తిరుగుతాం. మంచివాడి నోటినుంచి, ప్రేమగా, వెనకాల అంత గొప్ప రాగంతో వస్తే అది సలహాలా కాక జీవితసత్యంలా వినిపిస్తుంది. ఓర్చుకోవడమే ఔన్నత్యమనిపిస్తుంది.

1990లో నా దగ్గర లేనివి మాటలే. లైంగిక వేధింపు అన్నమాట మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చాక పేపర్లో ఆ మాట చదివాను. చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. అంతకుముందు ఆ పెద్దాయనతో నేను చెప్పుకున్నదేమిటి? “అదోలా ఉంటోందండీ... ఆయన వచ్చి నిలబడితే... ఏంటో...” ఇంతే. గొంతుంది, బాధుంది, రాగం కూడా ఉండే ఉంటుంది. మాటల్లేవు. మా అమ్మ అన్నట్టు, ఎవరూ రాసివ్వలేదు. ఎవరో ఒకరు రాసిస్తారని చూడకుండా ఎక్కడెక్కడి ఆడవాళ్లో కలిసి రాసుకున్నారు కాబట్టే ఆ మాట నాదాకా వచ్చింది.

సంగీతం తెలిసిన ఒక స్నేహితురాలు ఈ వాదన ఒప్పుకోలేదు. మన ఆలాపనకి మాటలుంటాయా, మాటలు లేకపోవడం లోటు కాదు, స్వేచ్ఛ అంది. నిజమే. జిల్ మాట్లాడేవన్నీ మగవాళ్లు రాసిన మాటలైనప్పుడు, మాటల్లేని ఆ గొంతే ఆమెకి దక్కిన స్వేచ్ఛేమో! నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. మొదట్లో జిల్ షయాన్‌తో, మీరంతా నన్నేం చేసినా ఒక తొట్టెడు వేడినీళ్లు చాలు, మళ్లీ మామూలు మనిషినవుతాను, ఇంకో పాడు జ్ఞాపకం మిగులుతుంది, అంతే అంటుంది. ఆ మాటకీ ఆ గొంతుకీ పొంతన లేదు. ఆమెకేమీ కాలేదని మాటలు చెబుతాయి. గొంతు ఒప్పుకోదు. నేను ఎడ్డాని ఇష్టపడేది అందుకే. కానీ ఆలాపన చేసే మనిషి ఎటు వెళ్లాలో తనే తేల్చుకుంటుంది. ఈ గొంతు ఎప్పుడు లేవాలో, ఏ దృశ్యం మీద పరుచుకోవాలో వేరేవాళ్లు తేల్చారు.

ఒక్క విషయం నాకు ఊరట. మొరికోనె సంగీతాన్ని చిత్రీకరణకి ముందే సిద్ధం చేశాడు. లియోనీ సెట్ మీద అది మోగిస్తూ నటుల చేత నటింపజేశాడు. అంటే జిల్‌కి వినిపించని ఆ రాగం కార్డినాలేకి వినిపించింది. ఆ స్టేషన్‌లో ఆమె ఒంటరిగా నడవలేదు. ఇంకొక ఆడమనిషి గొంతు పట్టుకుని నడిచింది.

అందరం విన్నా ఆ ప్రశ్న అమ్మకే ఎందుకు తట్టిందో ఇప్పుడు అర్థమవుతోంది. అమ్మకి పాటలు చాలా వచ్చు. వంటింట్లో మాత్రం కూనిరాగమే తీసేది. మాటలు పైకంటే మామ్మకి వినిపిస్తాయి, కోడలు పాడుతోందని గొడవవుతుంది. రాగమైతే ఎవరూ పట్టించుకోరు. మాటలు మింగేసి పాడటం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే, ఎక్కడో ఇటలీలో పాడిన ఆడమనిషి గొంతులో ఆ లోటు పసిగట్టింది.

మొన్న సినిమా చూస్తున్నప్పుడు మా అమ్మాయి కూడా పక్కన కూర్చుంది. తనూ ఉద్యోగం చేస్తోంది. షయాన్ సలహా దగ్గర ఫోన్ పక్కన పెట్టి, “ఏంటీ? వాడు తడితే ఈవిడ ఊరుకుని నీళ్లు పొయ్యాలా?” అంది. ముప్ఫై అయిదేళ్ల కిందట నాకు వినిపించని మాట తనకి ఒక్కసారికే వినిపించింది. చివరి సంగీతం మొదలయ్యాక ఇద్దరం మాట్లాడలేదు. అయిపోయాక, “పాట మాత్రం భలే ఉందమ్మా, పాడిందెవరు?” అని అడిగింది. పేరు చెప్పాను. రెండుసార్లు పలికించి నేర్పాను.

ఆ పాట వినడం నేను మానను. మానమని మిమ్మల్నీ అడగను. మీకు ప్రాణమైన బాణీలు మీకూ ఉంటాయి. వాటిని మరోసారి వినేటప్పుడు మా అమ్మ ప్రశ్న కూడా పక్కన పెట్టుకుని వినండి.